గల్లాపెట్టె పక్కన ఒక పద్దుపుస్తకం

వెనుకబడిన తరగతుల జాబితాలో మన సమాజానికి చెందిన పేర్లను ఒకసారి వరుసగా చదివి చూడాలి. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, గారడీ ముస్లింలు. ‘బీసీ-ఈ’లోని ఈ పేర్లకు ‘బీసీ-బీ’లోని దూదేకుల వారిని కూడా కలుపుకుంటే అది కులాల పట్టికలా కాక, ఒక పాత బజారు వీధిలా కనిపిస్తుంది. అత్తరు అమ్మినవారు, బట్టలుతికినవారు, క్షవరం చేసినవారు, మాంసం కోసినవారు, దూది ఏకి పరుపులు కుట్టినవారు. తెలుగు నేల మీద ముస్లింలలో అధిక సంఖ్యాకులు నవాబులూ కారు, జాగీర్దారులూ కారు. తమ చేతిపని మీద, తమ చిన్న దుకాణం మీద బతుకు వెళ్లదీసినవారు. ఆ దుకాణం ఇవాళ పంక్చర్ షాపుగా, వెల్డింగ్ షెడ్డుగా, బిర్యానీ బండిగా, చికెన్ సెంటర్‌గా, ఇంటి వరండాలోని జర్దోజీ మగ్గంగా మారి ఉండవచ్చు. మనిషి మాత్రం అదే మనిషి.

2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఈ సంగతిని అంకెల్లో చెప్పింది. దేశంలోని ముస్లిం శ్రామికుల్లో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడినవారే. హిందూ శ్రామికుల్లో ఇది 55 శాతం. పట్టణాలకు వస్తే తేడా ఇంకా పెరిగి 57, 43 శాతాలుగా నిలిచింది. ముస్లిం మహిళా శ్రామికుల్లోనైతే 73 శాతం. ఉద్యోగాలు దొరకక స్వయం ఉపాధిలోకి నెట్టబడ్డారనేది ఈ అంకెలకు ఒక అర్థం. అది నిజమే. కానీ వీటికి రెండో అర్థం కూడా ఉంది. వ్యాపారం చేయడం ఎలాగో ఈ సమాజానికి కొత్తగా నేర్పనవసరం లేదు.

అయినా ప్రభుత్వ కార్యాలయాల్లో మన కోసం తయారయ్యే ప్రతి శిక్షణ కార్యక్రమమూ ఆ కొత్తగా నేర్పడంతోనే మొదలవుతుంది. పత్రికా ప్రకటనల్లో ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్తలు’ అనే మాట ఒకటుంది. ఇరవై ఏళ్లుగా తెల్లవారుజామున లేచి సమోసాలు వేయించి పది హోటళ్లకు సరఫరా చేస్తున్న మనిషి కూడా ఆ ప్రకటన దృష్టిలో ‘ఔత్సాహికుడే’. అతనికి ఉత్సాహం ఏనాడో అయిపోయింది. ఇప్పుడు కావలసింది వేరు.

కుట్టు, మగ్గం వర్కు, బ్యూటీపార్లర్, మొబైల్ రిపేరు. మైనారిటీ శిక్షణ అనగానే గుర్తొచ్చేవి ఇవే. చివరి రోజున ఒక ధ్రువపత్రం, ఒక ఫోటో, కొన్ని చోట్ల ఒక కుట్టుమిషను. ఈ పనులు పనికిరానివని మేము అనడం లేదు. ఆ మిషను మీద పిల్లల్ని చదివించుకున్న తల్లులు మన ఇళ్లలోనే ఉన్నారు. అయితే ఒకే బస్తీలో ఏటా ముప్పై మందికి ఒకే పని నేర్పితే, అయిదేళ్లలో అక్కడ నూటయాభై మంది దర్జీలు తయారవుతారు, జాకెట్టు కుట్టుకూలి పడిపోతుంది. ఈ లెక్క శిక్షణ ఇచ్చే సంస్థకు అవసరం లేదు. దాని లక్ష్యం ముప్పై సంతకాలతోనే పూర్తవుతుంది.

రెండో దారి నగదు. తెలంగాణలో 2023 జూలైలో మైనారిటీలకు నూరు శాతం సబ్సిడీతో లక్ష రూపాయల సహాయం ప్రకటించారు. 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం వచ్చింది. ఇవి ఏ ప్రభుత్వం ఇచ్చినా మేము స్వాగతిస్తాం. పేదవాడి చేతికి లక్ష రూపాయలు రావడాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. కానీ ఆ లక్ష వ్యాపారంలోకి వెళ్లిందా, చెల్లెలి పెళ్లికి వెళ్లిందా, పాత అప్పుకు వెళ్లిందా అనేది ఆ మనిషికి తన దుకాణం లెక్క తెలిసి ఉండటం మీద ఆధారపడుతుంది. లెక్క తెలియని గల్లాపెట్టెలో పడిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోవడానికి ఎన్నో నెలలు పట్టదు. ఆ తర్వాత మిగిలేది ‘వీళ్లకు ఎంత ఇచ్చినా ఇంతే’ అనే మాట. ఆ మాట పడవలసివచ్చేది పథకం రూపొందించినవారు కాదు, మనం.

ఇక కేంద్ర పథకాల జాబితాల దగ్గర మన వృత్తులకు జరుగుతున్నదేమిటో చూడాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలు ప్రత్యేక వర్గం కిందికి వస్తారు. పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం సబ్సిడీ. సొంత వాటా 5 శాతం చాలు. మంచి పథకం. కానీ దాని మార్గదర్శకాల్లో చేపట్టరాని పనుల పట్టిక ఒకటుంది. కోసిన మాంసాన్ని ప్రాసెస్ చేసే వ్యాపారం, బీడీ తయారీ అందులో ఉన్నాయి. హోటళ్లలో మాంసాహారం వడ్డించడానికి తర్వాత సడలింపు ఇచ్చారు. బీడీల సంగతిలో ఆరోగ్య కారణం ఉంది, ఒప్పుకుందాం. మాంసం సంగతిలో ఏ కారణం ఉంది? ఖురేషీ కుటుంబం ఒక శీతలపెట్టె, కోత యంత్రం కొనుక్కుని శుభ్రమైన మాంసాన్ని పొట్లాలు కట్టి అమ్ముకుంటానంటే అది పరిశ్రమ ఎందుకు కాదు?

2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ, మంగలి, తాళాలు చేసేవాడు, తాపీమేస్త్రీ అందులో ఉన్నారు కనుక మనవారిలో కొందరికి దారి దొరికింది. రోజుకు 500 రూపాయల భృతితో శిక్షణ, పనిముట్లకు 15,000, ఆ పైన 5 శాతం వడ్డీతో మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం. అర్హులు ఇప్పటికీ దరఖాస్తు చేసుకోకపోతే ఆ లోపం మన సంఘాలది కూడా. కానీ లాడ్‌బజారులో లక్కగాజులు చేసేవాడు, జర్దోజీ పనివాడు, మోటారు మెకానిక్కు, వెల్డరు, రొట్టెల బట్టీ నడిపేవాడు ఆ 18లో లేరు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజుకు గుర్తింపు ఉంది, గాజు చేసే చేతికి పట్టికలో చోటు లేదు.

బ్యాంకుల సంగతి కొత్తగా చెప్పనవసరం లేదు. ప్రాధాన్య రంగ రుణ ఖాతాల్లో ముస్లింల వాటా 12.2 శాతం ఉంటే, చెల్లించవలసి ఉన్న రుణ మొత్తంలో వాటా 4.6 శాతమేనని సచార్ కమిటీ తేల్చింది. అంటే ఖాతా దొరికినా, దొరికిన అప్పు చాలా చిన్నది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను అప్పు ఇవ్వదగని ప్రాంతాలుగా గుర్తిస్తున్నాయని కూడా ఆ నివేదికే రాసింది. ఈ వివక్ష మీద పోరాటం సాగాలి, సాగుతుంది. అయితే అదే సమయంలో, అప్పు అడగడానికి వెళ్లే మనిషి చేతిలో ఏ కాగితాలున్నాయన్న ప్రశ్నను కూడా మనం వేసుకోవాలి. ఏడాది జమాఖర్చులు రాసిన పుస్తకం, ఉద్యం నమోదు పత్రం, తిండి వ్యాపారమైతే ఆహార భద్రతా నమోదు. ఇవి ఉన్నవాడిని తిప్పి పంపాలంటే మేనేజరు కారణం రాయవలసి వస్తుంది. లేనివాడిని తిప్పి పంపడానికి కారణం కూడా అక్కరలేదు. ఉద్యం నమోదుకు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా రుసుము తీసుకోదన్న సంగతి తెలియక మధ్యవర్తులకు డబ్బు కట్టినవారు మనలో ఎందరో ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక బిర్యానీ బండి లెక్క వేద్దాం. ఇది ఊహించి వేసిన లెక్కే; పాఠకులు తమ వీధిలోని బండి అంకెలతో దీన్ని సరిదిద్దుకోవచ్చు. రోజుకు 60 ప్లేట్లు, ప్లేటు 80 రూపాయలు. గల్లాలో 4,800. బియ్యం, మాంసం, నూనె, మసాలా, గ్యాసు కలిసి 3,300. పనివాడి కూలి 500. చేతిలో 1,000. ‘దేవుని దయవల్ల రోజుకు వెయ్యి మిగులుతోంది’ అని ఆ మనిషి అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. చెప్పుకోవలసిందే. కానీ అందులోంచి బండి అద్దె 100, డైలీ ఫైనాన్సు కిస్తీ 100 పోతే 800. పక్క వీధి ఫంక్షన్ హాల్లో అదే పనికి వంటమనిషిగా వెళితే అతనికి వచ్చే కూలి కూడా 800 అనుకుందాం. అంటే అతను తన బండి దగ్గర తానే జీతగాడు. యజమానికి మిగిలింది సున్నా. ఫజ్ర్ నమాజు నాటి నుంచి ఉల్లిపాయలు తరిగి, మసాలా నూరి, గిన్నెలు తోమిన భార్య నాలుగు గంటల శ్రమను ఈ లెక్కలో మనం ఇంకా వేయనే లేదు. వేస్తే అది నష్టం.

ఈ సంగతి అతనికి తెలిస్తే ఏం చేస్తాడు? ప్లేటుకు పది రూపాయలు పెంచి చూస్తాడు. గిరాకీ నిలిస్తే రోజుకు 600 అదనం. లేదా ముగ్గురు బండివాళ్లు కలిసి బియ్యం బస్తాలు టోకుగా కొంటారు. లేదా శుక్రవారం అమ్మకం రెట్టింపు, మంగళవారం సగం అని గమనించి, మంగళవారం వంట తగ్గిస్తాడు. వీటిలో ఏదీ మేనేజిమెంటు చదువు కాదు. కానీ పద్దు రాయని మనిషికి వీటిలో ఏదీ తోచదు.

ఆ డైలీ ఫైనాన్సు లెక్క మరీ విచారకరం. 10,000 అప్పు అని చెప్పి, ‘కటింగ్’ పేరుతో 1,000 ముందే కోసుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి వందకు పది రూపాయలే. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కట్టడం వల్ల ఆ 9,000లో సగటున అతని దగ్గర ఉండేది సుమారు 4,500 మాత్రమే. దాని మీద వంద రోజులకు 1,000 రూపాయలు. సాలుకు వేస్తే దాదాపు 80 శాతం. వడ్డీ హరామ్ అన్న భయంతో బ్యాంకు గడప తొక్కని భక్తుడు, ‘కటింగ్’ అనే పేరు చూసి మోసపోయి, బ్యాంకు కంటే ఎన్నో రెట్ల వడ్డీని రోజూ సాయంత్రం బండి దగ్గరే లెక్కపెట్టి ఇస్తున్నాడు. వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన స్వనిధి పథకంలో తొలి విడతగా 10,000 రూపాయలు, 2025 సవరణ తర్వాత 15,000 రూపాయలు హామీ లేకుండా ఇస్తున్నారు. సమయానికి కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఉంది. బ్యాంకు వడ్డీ ఏదో, ఫైనాన్సు వడ్డీ ఏదో పక్కపక్కన పెట్టి చూపించే తరగతి ఒక్కటి జరిగినా ఆ మనిషికి మేలు జరుగుతుంది.

వడ్డీ ప్రశ్నను శిక్షణ తరగతుల్లో ఎవరూ ఎత్తరు. అధికారులకు అది ఇబ్బంది, మన పెద్దలకు అది సంకోచం. ఎత్తకపోవడం వల్ల అది పోదు. తరగతిలో కూర్చున్న నలభై మందిలో పదిమంది మనసులో అదే తిరుగుతూ ఉంటుంది, రుణ దరఖాస్తు ఇచ్చిన రోజున వాళ్లు మౌనంగా లేచి వెళ్లిపోతారు. 2008లో రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ వడ్డీ లేని బ్యాంకింగుకు అవకాశం ఇవ్వాలని సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. కనుక బ్యాంకుల ద్వారా ఆ దారి ప్రస్తుతానికి మూసుకుంది. సహకార దారి మూసుకోలేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సభ్యులే పొదుపు చేసి, సభ్యులకే అప్పులిచ్చుకునే సంఘాలను మన రెండు రాష్ట్రాల్లోనూ నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ పెత్తనం తక్కువ, ఆడిటు మాత్రం తప్పనిసరి. ఆ ‘తప్పనిసరి’ మనకు రక్షణ. హలాల్ పెట్టుబడి పేరిట 2018, 2019 సంవత్సరాల్లో హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో కూలిన సంస్థల్లో వితంతువుల నగలు, హజ్ కోసం దాచుకున్న సొమ్ము కూడా పోయాయి. గడ్డం చూసి, సలాం విని డబ్బిచ్చినవారు ఆడిటు నివేదిక అడగలేదు. ఆడిటు నివేదిక చదవడం ఎలాగో నేర్పడం కూడా వ్యాపార శిక్షణలో భాగమేనని మా అభిప్రాయం. వడ్డీ రుణం విషయంలో ఎవరి మనస్సాక్షికి వారే జవాబుదారీ, ఉలమాల మాట వారికి దారి చూపుతుంది. శిక్షణ ఇచ్చేవారి బాధ్యత ఉన్న దారులన్నిటినీ వాటి వెలతో సహా ముందు పరచడం.

లెక్కలు రాయడమంటే ‘అది సేట్ల పని’ అనే భావన మన చిన్న వ్యాపారుల్లో ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు గానీ, మన ధర్మంలో నుంచి మాత్రం రాలేదు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. గడువు పెట్టుకున్న అప్పు చిన్నదైనా పెద్దదైనా విసుక్కోకుండా కాగితం మీద పెట్టుకోవాలని, సాక్షులను ఉంచుకోవాలని చెబుతుంది. హజ్రత్ ఖదీజా (ర) సరుకును సిరియాకు తీసుకువెళ్లి, నమ్మకంగా లెక్క అప్పగించిన ప్రవక్త (స) అనుచరులం మనం. దుకాణంలో ఉద్దెర ఇచ్చిన పద్దు ఎక్కడుందంటే ‘నోటికి ఉంది’ అనడం మనకు తగదు.

శిక్షణ వల్ల ఏమవుతుంది, వ్యాపారం పుట్టుకతో రావాలి కదా అనేవారికి ఒక తెలుగు ఉదాహరణ ఉంది. 1964లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కలిసి కాకినాడ వ్యాపారులకు ఒక ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. లక్ష్యం పెట్టుకోవడం, కొలవగలిగిన రిస్కు తీసుకోవడం, తన పని ఫలితాన్ని తానే లెక్కగట్టుకోవడం అందులోని పాఠాలు. తర్వాతి సంవత్సరాల్లో, శిక్షణ పొందినవారు పొందనివారికంటే చురుగ్గా వ్యాపారాన్ని విస్తరించారని, కులం గానీ సంప్రదాయ జీవనం గానీ అందుకు అడ్డం రాలేదని పరిశోధకులు గుర్తించారు. భారతదేశంలో వ్యాపార శిక్షణ చరిత్ర రాసేవారు ఎవరైనా కాకినాడ పేరుతోనే మొదలుపెడతారు. గమనించవలసిందేమిటంటే, అక్కడ పిలిచింది నిరుద్యోగులను కాదు, అప్పటికే వ్యాపారంలో ఉన్నవారిని. ఆ సంస్థే ఇవాళ యూసుఫ్‌గూడలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉంది. చార్మినారు నుంచి అక్కడికి బస్సులో వెళ్లి రావచ్చు.

ఈ మధ్య ఆఫ్రికాలోని టోగో దేశంలో 1,500 మంది చిన్న వ్యాపారుల మీద జరిపిన అధ్యయనం కూడా కాకినాడ పాఠాన్నే బలపరిచింది. 2017లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, చొరవను, ముందుచూపును నేర్పే శిక్షణ పొందినవారి లాభాలు 30 శాతం పెరిగాయి. కేవలం పాఠ్యపుస్తకపు వ్యాపార పద్ధతులు నేర్చినవారిలో వచ్చిన పెరుగుదల చెప్పుకోదగినంతగా నిలవలేదు. అంటే అన్ని శిక్షణలూ ఒకటి కావు. పద్దు రాయడం నేర్పితే చాలదు, ఆ పద్దు చూసి ఏదో ఒకటి మార్చే ధైర్యం కూడా నేర్పాలి.

మహిళల విషయంలో మాత్రం మాకు ఒక హెచ్చరిక కనిపిస్తోంది. అహ్మదాబాదులో సేవా బ్యాంకు సభ్యులకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చి, ఫలితాన్ని కొలిచిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. అందులో అగ్రవర్ణ హిందూ స్త్రీలకు మేలు జరిగింది. ముస్లిం స్త్రీలకు మేలు కనిపించలేదు. ఇంటి నుంచి కదలడం మీద, ఇతరులతో కలవడం మీద ఉన్న ఆంక్షలు ఎక్కువ కావడం వల్ల నేర్చుకున్నదాన్ని ఆచరణలో పెట్టలేకపోయారని పరిశోధకులు భావించారు. ఇది చదవడానికి కష్టంగా ఉంటుంది. మనల్ని నిందించడానికి వాడుకునేవారూ ఉంటారు. కానీ కథ అక్కడ ఆగలేదు. అదే శిక్షణకు కొందరు స్త్రీలను ‘నీ స్నేహితురాలిని వెంట తెచ్చుకో’ అని పిలిచారు. ఒంటరిగా వచ్చినవారి కంటే జంటగా వచ్చినవారు వ్యాపారం కోసం అప్పు తీసుకోవడంలో, పని పెంచుకోవడంలో, ఆదాయంలో స్పష్టంగా ముందున్నారు. కట్టుబాట్లు ఎక్కువగా ఉన్న సమాజాల స్త్రీలలోనే ఈ ప్రభావం మరింత బలంగా కనిపించింది. అత్తగారి అనుమతికీ, బస్సు ప్రయాణానికీ, మేనేజరు ఎదుట కూర్చోవడానికీ పక్కన ఒక మనిషి ఉండటం ఎంత తేడా తెస్తుందో మన ఆడపడుచులకు ఏ అధ్యయనమూ చెప్పనవసరం లేదు. కాబట్టి మహిళల శిక్షణలో దరఖాస్తు ఒక్కొక్కరిది కాకుండా ఇద్దరిదిగా తీసుకోవాలని, వేళ జుహర్, అసర్ నమాజుల మధ్య ఉండాలని, స్థలం బస్తీలోనే ఉండాలని మేము కోరుతున్నాం. తోడికోడళ్లయినా సరే, ఇరుగుపొరుగైనా సరే.

నెల్లూరు సీమలోని ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చూసినవారికి వేరే వర్ణన అక్కరలేదు. ఆ కొండల్లో దొరికే కర్రతో, పారశీక తరహా నగిషీలతో ముస్లిం కళాకారుల కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని అది. భౌగోళిక గుర్తింపూ ఉంది. ఆ చేతులకు నైపుణ్య శిక్షణ ఇస్తామని ఎవరైనా వెళితే నవ్వుతారు. వాళ్లకు కావలసినవి వేరే ప్రశ్నలకు జవాబులు. చెంచా వెల ఎవరు నిర్ణయిస్తున్నారు? నగరపు షోరూములో అది ఎంతకు అమ్ముడవుతోంది? మధ్యలో ఎన్ని చేతులు మారుతోంది? పండుగ ఆర్డరుకు బయానా అడగడం ఎలా? ఫోటో ఎలా తీయాలి, పెట్టె ఎలా కట్టాలి, పగిలిపోయి తిరిగొస్తే నష్టం ఎవరిది? పాతబస్తీలో జర్దోజీ పనిచేసే ఇల్లాలికీ ఇవే ప్రశ్నలు. ముక్కకు ఇంతని కూలి ఇచ్చే వ్యాపారి, ఆ లెహంగాను ఎంతకు అమ్ముతున్నాడో ఆమెకు తెలియకుండా చూసుకోవడమే అతని వ్యాపార రహస్యం. నలుగురు స్త్రీలు కలిసి ఒకే ధర చెప్పడం నేర్చుకుంటే, అది ఏ కుట్టుమిషను కంటే విలువైన శిక్షణ.

బజారు మనకు ఎప్పుడూ నిశ్చింతగా ఉండదని కూడా ఇటీవలి సంవత్సరాలు చెప్పాయి. 2022లో కర్ణాటకలో ఆలయ జాతరల నుంచి ముస్లిం వ్యాపారులను తరిమారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో తిండి దుకాణాల మీద యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఇలాంటి గాలి మన ఊళ్లకు రాకూడదని కోరుకుందాం, వచ్చినా తట్టుకునేలా సిద్ధపడదాం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలి, వారిలో మైనారిటీలకూ స్త్రీలకూ తగిన ప్రాతినిధ్యం ఉండాలి. మీ మున్సిపాలిటీలో ఆ కమిటీ ఉందా, అందులో మన తోపుడు బండివాడు ఎవరైనా ఉన్నాడా? చట్టంలోని ఈ మాటలు తెలిసిన బండివాడితో పోలీసు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ఒకే సంతను, ఒకే టోకు వ్యాపారిని నమ్ముకోకుండా గిరాకీని నాలుగు దిక్కులా పరుచుకోవడం ఎలాగో కూడా తరగతిలో చెప్పాలి.

ప్రభుత్వాలను మేము అడిగేది పెద్ద భవనాలు కాదు. జిల్లాకు ఒకటి చొప్పున బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా అది. ఉచిత శిక్షణ, వసతి, ఆ తర్వాత రెండేళ్ల పాటు వెన్నంటి ఉండటం దాని బలం. కానీ అవి గ్రామీణ పేద యువత కోసం ఉద్దేశించినవి. మన జనం ఎక్కువగా పట్టణాల్లో ఉన్నారు, వాళ్లలో చాలామంది నలభై దాటిన దుకాణదారులు. రెండు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థలు ఆ రెండేళ్ల చేయూత పద్ధతిని తీసుకుని, పట్టణాల్లో నడుస్తున్న దుకాణాలకు వర్తింపజేయాలి. పగలు పది నుంచి అయిదు దాకా తరగతి పెడితే దుకాణం మూసి ఎవరూ రారు. ఇషా తర్వాత గంటన్నర, వారానికి రెండు రోజులు, మూడు నెలలు. భాష ఉర్దూ అయినా తెలుగైనా, వింటున్నవారి నోట ఉన్నదే కావాలి. సబ్సిడీ బడ్జెటులో ఒక చిన్న భాగాన్ని ఇందుకు విడిగా ఉంచి, ఫలితాన్ని లబ్ధిదారుల సంఖ్యతో కాక, రెండేళ్ల తర్వాత తెరిచి ఉన్న దుకాణాల సంఖ్యతో ప్రకటించాలి. వచ్చే బడ్జెటు ముందు మన శాసనసభ్యులు ఈ ఒక్క మాట అడిగినా చాలు.

ప్రభుత్వం కదిలేదాకా కూర్చోవలసిన అవసరం మనకు లేదు. రంజాన్ మన వ్యాపారులకు పంట కాలం. బట్టలు, ఖర్జూరాలు, సేమ్యాలు, అత్తరు, హలీం. ఆ నెలలో అమ్ముడయ్యే సరుకు కోసం రజబ్‌లోనే అప్పులు పుడతాయి, అమ్ముడుకాని సరుకు షవ్వాల్‌లో అప్పుగా మిగులుతుంది. ఎంత కొనాలి, ఎంత ఉద్దెర ఇవ్వాలి, పోయిన ఏడు ఏది మిగిలిపోయింది అన్న లెక్కలు రజబ్ రాకముందే వేసుకోవడానికి ఒక తరగతి ఏ మసీదు కమిటీ అయినా నడపవచ్చు. జకాత్ ఖర్చు చేయదగిన ఎనిమిది పద్దుల్లో అప్పులపాలైనవారు ఒకరు. డైలీ ఫైనాన్సులో చిక్కుకున్న ఒక తోపుడు బండివాడి అప్పు తీర్చి, అతన్ని ఆ తరగతిలో కూర్చోబెట్టే అవకాశాన్ని మన బైతుల్‌మాల్‌లు ఉలమాలను సంప్రదించి పరిశీలించాలి. మన బస్తీల్లో పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగులున్నారు, కామర్స్ అధ్యాపకులున్నారు, గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు స్టోర్‌కీపర్లుగా లెక్కలు రాసి తిరిగి వచ్చినవారున్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు గనుక వాళ్లు రాలేదు. తరగతికి పదిమంది దుకాణదారులు, పాఠం చెప్పడానికి అలాంటి పెద్ద ఒకరు, మసీదు వరండా, ఒక నల్లబల్ల, తలా ఒక పద్దుపుస్తకం చాలు. మొదటి వారం ఇంటి డబ్బును, దుకాణం డబ్బును రెండు వేర్వేరు డబ్బాల్లో వేయడం. ఉద్దెర పద్దు రెండో వారం. వెల కట్టడం నాలుగో వారం దాకా వద్దు. పద్దు నెల రోజులు నిండకుండా వెల మాట్లాడటం దండగ.